అపోహలు - వాస్తవాలు: "జంప్ సంగతి చివర్లో చూసుకుందాంలే అన్నా"

పోయిన నెల ఒకే వారంలో ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఒకబ్బాయి చిత్తూరు నుంచి. మిగతా ఇద్దరూ, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇక్కడే తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు. ముగ్గురూ చేస్తున్నది ప్లాట్‌ఫామ్ ఆర్‌పీజీ, అంటే హీరో అరుగుల మీద ఎగురుతూ, పోరాడుతూ, ఆట సాగేకొద్దీ బలం పెంచుకునే గేము. ముగ్గురి ప్రశ్నా ఒకటే. "గేమంతా రెడీ అన్నా. ఆడమని ఇస్తే ఐదు నిమిషాలకే పక్కన పెట్టేస్తున్నారు. గ్రాఫిక్స్ మార్పిస్తే ఆడతారా?"

నేను ఫోన్ గేములు చేయడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. శని, ఆదివారాలు కొంతమందికి నేర్పుతాను కూడా. ఈ ప్రశ్న వినని నెల లేదు. ఇంట్లో అడిగి తెచ్చిన డబ్బంతా బొమ్మలు గీయించడానికే పెట్టేసి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నాను.

అపోహ: ముందు లెవెళ్లు, ఆయుధాలు, మ్యాప్ పూర్తి చేయాలి. జంప్ చివర్లో సరిచేసుకోవచ్చు.

మిగతా అపోహలన్నీ కలిపినా ఇది చేసినంత నష్టం చేయవు. చిత్తూరు అబ్బాయి గేములో 40 లెవెళ్లు, 120 ఆయుధాలు ఉన్నాయి. ఎనిమిది నెలల పని. నేను ఫోన్ చేతిలోకి తీసుకుని మొదటి గదిలోనే మూడుసార్లు గుంటలో పడ్డాను. "ఆయుధాలు, శత్రువులు, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ తీసేయ్. బూడిదరంగు డబ్బాలు నాలుగు పెట్టి, వాటి మీద ఊరికే ఎగురుతూ ఉండు" అన్నాను. అక్కడే కూర్చుని చేశాడు. పది సెకన్లకు ఆపేసి, "బోర్ కొడుతోందన్నా" అన్నాడు. ఆడినవాళ్లకు కూడా సరిగ్గా అదే అనిపించింది. కాకపోతే వాళ్లకు అది చెప్పడం తెలియక "గ్రాఫిక్స్ బాగాలేవు" అన్నారు.

చివర్లో సరిచేసుకోవడం ఎందుకు కుదరదో లెక్క చూడండి. మీ హీరో మూడు డబ్బాల ఎత్తు, ఐదు డబ్బాల దూరం ఎగురుతాడనుకుందాం. ప్రతి గుంట వెడల్పు, ప్రతి అరుగు ఎత్తు ఆ కొలతతోనే కట్టి ఉంటారు. తర్వాత జంప్ బాగాలేదని గ్రావిటీ మారిస్తే ఆ దూరం నాలుగున్నరో, ఆరో అవుతుంది. కొన్ని గుంటలు దాటలేరు, కొన్నిచోట్ల గోడలే దాటేస్తారు. అంటే 40 లెవెళ్లూ మళ్లీ కట్టాలి. నా రెండో గేముకు జరిగింది ఇదే. తొమ్మిదో నెలలో జంప్ మార్చాను. 31 గదులు పడగొట్టి మళ్లీ కట్టేసరికి గడువు దాటిపోయింది, తీసుకుంటామన్న కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ గేము కోసం బ్యాంకులో పెట్టిన నా భార్య నగలు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఇది ఇంకెవరికీ జరగకూడదని మనసారా కోరుకుంటున్నాను.

ఇక మంచి జంప్ అంటే ఏమిటి? అప్పట్లో మా అక్క కూతురికి ఆడమని ఫోన్ ఇచ్చాను. ఎనిమిదేళ్ల పిల్ల. అరుగు అంచు దాకా పరుగెత్తించి బటన్ నొక్కింది, హీరో నేరుగా గుంటలో పడ్డాడు. మళ్లీ ఆడింది, మళ్లీ పడ్డాడు. నాలుగోసారి ఫోన్ నా ఒళ్లో పెట్టేసి, "నేను నొక్కినాను మామా, అది ఎగరలా" అంది. ఆ రాత్రి రికార్డు చేసిన వీడియోను ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. పిల్ల చెప్పింది నిజమే. నొక్కింది. కాకపోతే కాలు అంచు దాటిన మూడు ఫ్రేముల తర్వాత నొక్కింది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేములో మూడు ఫ్రేములంటే సెకనులో ఇరవయ్యో వంతు. పిల్ల కంటికి అప్పుడు హీరో ఇంకా అరుగు మీదే ఉన్నాడు. నా కోడ్ మాత్రం గాల్లో ఉన్నాడు, ఎగరడానికి వీల్లేదు అంది.

దీనికి మందు గేములు చేసేవాళ్లందరికీ తెలిసిందే, కాయొటీ టైమ్. కార్టూన్లలో నక్కలాంటి కాయొటీ కొండ అంచు దాటి పరుగెత్తి, కాసేపు గాల్లో నిలబడి ఆ తర్వాత పడిపోతుంది కదా, పేరు అక్కడి నుంచే వచ్చింది. అంచు దాటాక ఆరు ఫ్రేముల వరకు, అంటే సెకనులో పదో వంతు, జంప్ ఒప్పుకోండి. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ప్లాట్‌ఫామ్ గేములో కూడా ఆ గడువు సుమారుగా అంతే. అలాగే నేల తాకడానికి కొద్దిగా ముందు బటన్ నొక్కితే ఆ నొక్కును గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే ఎగిరించండి. బటన్ త్వరగా వదిలేస్తే చిన్న జంప్, పట్టుకుని ఉంటే పెద్ద జంప్ రావాలి. పైకి వెళ్లేటప్పటి కంటే కిందికి దిగేటప్పుడు గ్రావిటీ కాస్త ఎక్కువ పెట్టండి, లేకపోతే హీరో గాలిపటంలా తేలుతున్నట్టు ఉంటుంది. ఈ నాలుగూ రాయడానికి ఒక మధ్యాహ్నం చాలు. నంబర్లు సరిగ్గా కుదరడానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది. ఆ వారాలు దండగ అనుకోకండి.

"అది చీటింగ్ కదా అన్నా?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. కాదు నాయనా. ఆడేవాళ్లు ఏం చేయాలనుకున్నారో అది జరగాలి. తాము చేసిన తప్పుకు ఓడిపోతే మళ్లీ ఆడతారు. చేయని తప్పుకు ఓడిపోతే గేము డిలీట్ చేస్తారు. మా అక్క కూతురు ఆ ఆరు ఫ్రేములు పెట్టాక మధ్యాహ్నం అన్నానికి పిలిచినా రాలేదు. గ్రాఫిక్స్‌లో ఒక్క గీత కూడా మార్చలేదు నేను. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక ఫోటో అంతకంటే పెద్దగా ఉంటుంది. అందులో ఎగరడం ఎలాగో చెప్పే అక్షరం ముక్క కూడా తెర మీద ఉండదు. గుంబా అనే చిన్న శత్రువు మొదట ఎదురొస్తుంది, ఎగురుతారు, నేర్చుకుంటారు.

అపోహ: హీరో లెవెల్ పెరిగిందంటే నంబర్లు పెరగాలి.

ఇదీ పై అపోహకు తోబుట్టువే. మొదటి లెవెల్లో మీ హీరో దెబ్బ 10, శత్రువు హెచ్‌పీ (ప్రాణబలం) 100. అంటే పది దెబ్బలు. ఇరవయ్యో లెవెల్లో దెబ్బ 200, హెచ్‌పీ 2000. మళ్లీ పది దెబ్బలే! ఈలోగా ఆడేవాళ్ల చేత రెండు గంటలు గ్రైండింగ్, అంటే అవే శత్రువులను పదేపదే కొట్టే పని, చేయించారు. వాళ్లకు దక్కిందేమిటి?

ప్లాట్‌ఫామ్ ఆర్‌పీజీలో ఎదుగుదల కాళ్లలో తెలియాలి. 1997 నాటి కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్‌లో ఎక్స్‌పీ (పోరాడితే వచ్చే అనుభవం పాయింట్లు) ఉంది, నంబర్లూ పెరుగుతాయి. కానీ ఆడినవాళ్లను ఏం గుర్తుందని అడగండి. మొదట్లో హీరో అలుకార్డ్ మంచి మంచి ఆయుధాలతో కోటలోకి వస్తాడు, మృత్యుదేవత ఎదురై వాటిని లాగేసుకుంటుంది. అది చెబుతారు. అందని ఎత్తులో కనిపించి ఊరించిన అరుగు, డబుల్ జంప్ (గాల్లో ఉండగానే మళ్లీ ఎగిరే శక్తి) దొరికాక అక్కడికి పరుగెత్తుకుంటూ వెళ్లడం, అది చెబుతారు. కత్తి దెబ్బ ఎంతో ఎవరికీ గుర్తుండదు. 2017లో వచ్చిన హాలో నైట్‌ను ఆర్‌పీజీ అనాలా వద్దా అని వాదించేవాళ్లున్నారు, ఆ వాదన పక్కన పెడదాం. అందులో అసలు ఎక్స్‌పీయే లేదు. ఆయుధానికి పదును పెట్టించుకునే అవకాశం మొత్తం ఆటలో నాలుగుసార్లే. గోడ పట్టుకుని ఎగిరే శక్తి వచ్చిన క్షణం నుంచి మాత్రం పాత దారులన్నీ కొత్తగా కనిపిస్తాయి.

ఆ వారం వచ్చిన ముగ్గురిలో అమ్మాయి చేస్తున్న గేము రోజుకో వేషం కట్టే మన తిరుపతి గంగమ్మ జాతర మీద. తాతయ్యగుంట దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. బైరాగి వేషానికి దెబ్బ ప్లస్ 10, బండ వేషానికి ప్లస్ 20, దొర వేషానికి ప్లస్ 50 అని రాసుకొచ్చింది. "జాతరలో మీ తమ్ముడికి వేషం కట్టినప్పుడు వాడి నడక ఎట్లుంటుందమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మారిపోతుందన్నా. ఒళ్లంతా తెల్లగా పూసుకుని వేపాకు చేతబట్టినాడంటే ఇంట్లో ఎవరి మాటా వినడు" అంది. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు ఆమె గేములో బైరాగి వేషంలో హీరోయిన్ తేలిగ్గా, మెల్లగా కిందికి దిగుతుంది. బండ వేషంలో అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పోతుంది, కానీ ఎత్తుగా ఎగరలేదు. దొర వేషం కడితేనే, జాతర కథలో లాగే, గంగమ్మకు భయపడి దాక్కున్న పాలెగాడు బయటికొస్తాడు. ఆ తాళం, ఆ తాళంచెవి కథలోనే ఉన్నాయి, మన పెద్దవాళ్లు ఎప్పుడో పెట్టేశారు.

అపోహ: కష్టంగా ఉంటేనే గుర్తుండిపోతుంది.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరి సలపనివ్వవు. ఆ తర్వాత దారి సాఫీ అవుతుంది, జింకలు కనిపిస్తాయి, మాటలు మళ్లీ మొదలవుతాయి. అంతా అయిపోయిందిలే అనుకునేలోపు నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు వస్తుంది. మధ్యలో ఆ సాఫీ దారి లేకపోతే మోకాళ్ల మెట్టు దాకా ఎంతమంది చేరతారు? మీ లెవెళ్లకూ ఆ ఎత్తుపల్లాలు కావాలి. సెలెస్ట్ చాలా కష్టమైన గేము, కానీ చచ్చిన చోటుకు దగ్గర్లోనే కన్ను మూసి తెరిచేలోపు మళ్లీ నిలబెడుతుంది. బాస్ (పెద్ద శత్రువు) చేతిలో ఓడిన ప్రతిసారీ రెండు నిమిషాలు నడిపించే గేములు నా దగ్గరికి చాలా వస్తాయి. ఆ నడక తీసేయండి, చెక్‌పాయింట్, అంటే ఓడాక మళ్లీ మొదలయ్యే చోటు, బాస్ గది తలుపు దగ్గరే పెట్టండి.

కథంటే పొడుగాటి డైలాగులు అనుకోకండి. ఎవరూ చదవరు, స్కిప్ నొక్కుతారు. మ్యాప్ ఎంత పెద్దదైతే అంత గొప్ప అన్నది యూట్యూబ్‌లో పుట్టిన పుకారు, దాని మీద టైమ్ పెట్టకండి.

లక్ష రూపాయల లాప్‌టాప్ లేనిదే ఈ పని కుదరదన్న మాట మాత్రం ఆపి చెప్పాలి, ఎందుకంటే అది పుట్టించే టెన్షన్ తల్లిదండ్రులది. "అప్పు చేసి కొనమంటావా నాయనా?" అని పోయిన ఆదివారం కూడా ఒకమ్మ అడిగింది. వద్దమ్మా. 2డి గేములకు గోడో అనే ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది, ఇంట్లో ఉన్న మామూలు లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. సెలెస్ట్ మొదటి రూపాన్ని ఇద్దరు మనుషులు నాలుగు రోజుల్లో పికో-8 అనే బుల్లి ఇంజిన్‌లో కట్టారు. అలాగని నాలుగు రోజుల్లో జీతం వస్తుందని కూడా చెప్పను. 2004లో విడుదలైన కేవ్ స్టోరీని జపాన్‌లో డైసుకే అమయా ఒక్కడే సుమారు ఐదేళ్లు కష్టపడి చేశాడు, అదీ ఉచితంగా ఇచ్చాడు. మీవాడు చదువు మానకుండా సాయంత్రాలు చేసుకోనివ్వండి. ఒక చిన్న గేము పూర్తి చేసి చూపించాక ఖర్చు గురించి ఆలోచిద్దాం.

చిత్తూరు అబ్బాయి నిన్న రాత్రి కొత్త బిల్డ్ (గేము తాజా రూపం) పంపాడు. 40 లెవెళ్లలో ఒక్కటి కూడా లేదు. బూడిదరంగు గది ఒకటి, ఆరు డబ్బాలు, ఒక హీరో. కదిలే అరుగు మీద నుంచి ఎగిరితే అరుగు వేగం హీరోకు అందడం లేదు, అది సరిచేయమని రాశాను. ఆ మాట రాయడానికి ముందు ఇరవై నిమిషాలు ఆ గదిలోనే ఎగురుతూ ఉండిపోయాను.