పాత కారుకు రిమ్ములు: బోల్టు రంధ్రాలు కలిస్తే చాలదు

చక్రాలు విప్పడం, బ్యాలెన్సింగ్ చేయడం, మళ్లీ బిగించడం నా రోజువారీ పని. పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన కార్లతో వచ్చేవాళ్లు చేతిలో ఒక రిమ్ము పట్టుకుని ఒకటే అడుగుతారు: "ఇది నా బండికి పడుతుందా?" పడుతుందా అంటే వాళ్ల ఉద్దేశం, బోల్టులు ఎక్కుతాయా అని. నేను చూసేవి వేరు. హబ్బు (ఇరుసు కొసన చక్రాన్ని బిగించే భాగం) మీద నిండుగా కూర్చుంటుందా? స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ఎక్కడా తగలకుండా ఉంటుందా? మనుషులు, సామాను ఎక్కాక ఆ బరువు మోస్తుందా? వీటిలో ఒక్కటి తప్పినా మనుషుల ప్రాణాలమీదికి వస్తుంది. అందుకే నేను తరచూ వినే అపోహలను, వాటి వెనకున్న అసలు సంగతిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాలుగు బోల్టుల రిమ్ము ఏ నాలుగు బోల్టుల కారుకైనా పడుతుంది

బోల్టుల మధ్యగుండా ఒక వృత్తం గీశామనుకోండి, దాని వ్యాసమే పీసీడీ. నాలుగు బోల్టుల కార్లలోనే 98, 100, 108, 114.3 మిల్లీమీటర్ల పీసీడీలు ఉన్నాయి. 114.3 అనే వింత అంకె చూసి కంగారు పడకండి, అది నాలుగున్నర అంగుళాలు. 108 కూడా దాదాపు నాలుగుంపావు అంగుళాలే.

వీటిలో 98, 100 జంట ప్రమాదకరమైనది. పాత ఫియట్లది 98. వాటికి 100 పీసీడీ రిమ్ము పెడితే ఒక్కో రంధ్రం తేడా ఒక్క మిల్లీమీటరే కాబట్టి బోల్టు ఎక్కేస్తుంది, గట్టిగా బిగిస్తే బిగుసుకుంటుంది కూడా. కానీ బోల్టు తల రిమ్ము గాడిలో చుట్టూ ఆనదు, ఒక పక్కనే ఆనుతుంది. బోల్టు లోపల వంగి ఉంటుంది. బండి నడిచేకొద్దీ బిగింపు సడలుతుంది. ఐదు బోల్టుల కార్లలో 112, 114.3 మధ్య కూడా ఇదే కథ. బిగుసుకున్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

కొలవడం తేలికే. హబ్బు నుంచి పొడుచుకొచ్చి, నట్లు ఎక్కే మర కడ్డీలే స్టడ్లు. అవి నాలుగుంటే, ఒక స్టడ్డు బయటి అంచు నుంచి ఎదురుగా ఉన్న స్టడ్డు లోపలి అంచు వరకు కొలవండి. అదే పీసీడీ. ఐదుంటే ఎదురెదురుగా ఏదీ ఉండదు కాబట్టి పక్కపక్కనున్న రెండింటి కేంద్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. 65.8 మిల్లీమీటర్లు వస్తే 112, 67.2 వస్తే 114.3. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. టేపుతో తేలే లెక్క కాదిది, సన్నటి తేడాలు కొలిచే వెర్నియర్ కాలిపర్ కావాలి.

అపోహ: పీసీడీ కలిస్తే అన్నీ కలిసినట్టే

ఒక పెద్దాయన కారు నా దగ్గరికి వచ్చింది. 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. అప్పటికే మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించారు, ఒకసారి రెండు టైర్లు కూడా మార్పించారు. వణుకు మాత్రం పోలేదు. "బండి అమ్మేద్దామనుకుంటున్నాను బాబూ" అన్నారు. మెషిన్ మీద పెడితే చక్రం నిక్షేపంగా ఉంది. దాన్ని తిరగేసి మధ్య రంధ్రం కొలిచాను, 73.1. హబ్బు మూతి కొలిచాను, 54.1. అంటే చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. చక్రాన్ని మధ్యకు పట్టి నిలిపేది ఏదీ లేదు. బండి నేలమీద ఉండగానే నట్లు బిగించిన ప్రతిసారీ అది కొంచెం కిందికో పక్కకో జారి బిగుసుకుంటోంది. 73.1 నుంచి 54.1కి తగ్గించే హబ్ రింగులు నాలుగు వేశాం. బండిని జ్యాకీ మీదే ఉంచి, నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాం. వణుకు పోయింది. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు.

విడిగా అమ్మే రిమ్ములను చాలా కంపెనీలు పెద్ద మధ్య రంధ్రంతోనే చేస్తాయి, ఒకే రిమ్ము రకరకాల కార్లకు అమ్ముడుపోవాలి కదా. అందులో తప్పేమీ లేదు, రింగు వేయకపోవడమే తప్పు. రింగు బరువు మోయదు. బిగించేటప్పుడు చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టడమే దాని పని. బరువు మోసేది, నట్ల బిగింపు వల్ల రిమ్ముకూ హబ్బుకూ మధ్య ఏర్పడే పట్టు. అందుకే హబ్బు ముఖం మీద పేరుకున్న తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా తీయకుండా నేను రిమ్ము పెట్టను. పాత కార్లలో ఈ తుప్పు పొరే చక్రాన్ని వంకరగా కూర్చోబెడుతుంది.

దీనికి తిరగబడ్డ కష్టం కూడా ఉంటుంది. బీఎండబ్ల్యూ కార్లలో చాలావాటికి పీసీడీ 120, మధ్య రంధ్రం 72.6. కానీ ఈ39 రకం 5 సిరీస్‌కు హబ్బు 74.1. మిగతా బీఎండబ్ల్యూల రిమ్ము దీనికి బోల్టుల దగ్గర కలుస్తుంది, హబ్బు మీదికి మాత్రం ఎక్కదు. ఒకే కంపెనీ, ఒకే పీసీడీ, అయినా పడదు.

అపోహ: ఇప్పుడు బండికున్న రిమ్మే అసలు కొలత

కొత్త కారైతే ఈ మాట నిజం కావచ్చు. పాత కారు నలుగురైదుగురి చేతులు మారి ఉంటుంది. ఎవరో ఒకరు రిమ్ములు మార్చి ఉంటారు, మరొకరు పెద్ద మోడల్ హబ్బులు, బ్రేకులు వేయించి ఉంటారు. ముందు హబ్బులు ఒక రకం, వెనక డ్రమ్ములు మరో రకం ఉన్న బండి కూడా చూశాను. కాబట్టి మాన్యువల్‌లో ఏముందో చూడండి, డోరు దగ్గరుండే స్టిక్కర్ చూడండి, ఆ తర్వాత నాలుగు చక్రాలూ విప్పి మీ బండినే కొలవండి. పుస్తకం, బండి చెరో మాట చెబితే బండి మాటే వినాలి. ఆ తేడా ఎందుకొచ్చిందో కూడా తెలుసుకోవాలి.

అపోహ: ఈటీ అంకె అటూ ఇటూ అయితే నష్టం లేదు, చక్రం బయటికి వస్తే బండి ఇంకా నిలకడగా ఉంటుంది

నేను అందరికన్నా ఎక్కువగా వాదించేది దీని మీదే. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత ఉందనుకోండి. హబ్బుకు ఆనే ముఖం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో చెప్పేదే ఈటీ. జర్మన్ మాట నుంచి వచ్చిన పొడి అక్షరాలవి. ఈటీ తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి వెళ్తుంది.

లెక్క చూద్దాం. మీ బండికి 6జే ఈటీ45 రిమ్ము ఉందనుకోండి. 6జే అంటే వెడల్పు ఆరు అంగుళాలు. టైరు అంచులు కూర్చునే చోటు నుంచి చోటుకు కొలిచే వెడల్పు అది, బయటి అంచులు కొలిస్తే సుమారు అంగుళం ఎక్కువే వస్తుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఇప్పుడు 7జే ఈటీ35 కొనాలనుకుంటున్నారు. అంగుళం వెడల్పు పెరిగింది కాబట్టి లోపలికీ బయటికీ చెరో 12.7 మిల్లీమీటర్లు. ఈటీ పది తగ్గింది కాబట్టి మొత్తం చక్రం పది బయటికి జరిగింది. లోపలి వైపు పెరిగింది 2.7 మాత్రమే, బయటి వైపు 22.7. అంటే షాక్ అబ్జార్బర్ వైపు భయం లేదు, మడ్‌గార్డ్ అంచు వైపే చూసుకోవాలి. ఈ రెండు అంకెలు కాగితం మీద వేసుకోకుండా రిమ్ము కొనకండి, దయచేసి.

చక్రం బయటికి జరిగేకొద్దీ వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. రోడ్డు మీది ప్రతి గుంత స్టీరింగ్‌ను గట్టిగా లాగుతుంది. బ్రేక్ వేసినప్పుడు ఒక పక్కకు గుంజడం మొదలవుతుంది. కొత్త బండిలో ఇది ఆలస్యంగా తెలుస్తుంది, సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు అరిగిన పాత బండిలో మొదటి వారంలోనే తెలుస్తుంది. వెనక చక్రాలతో నడిచే పాత కార్లకు సాధారణంగా తక్కువ ఈటీ ఉండేది, తర్వాత వచ్చిన ముందు చక్రాల డ్రైవ్ కార్లకు ఎక్కువ. కొత్త తరం రిమ్ము తెచ్చి పాత బండికి పెడితే లోపల తగలడానికి కారణం ఇదే. ఆ తేడాను పూడ్చడానికి హబ్బుకూ రిమ్ముకూ మధ్య స్పేసర్ అనే బిళ్ల వేస్తామంటారు. స్పేసర్ మందం ఎంతో, స్టడ్డుకు ఎంత పొడవు మిగిలిందో కొలిచి చెప్పలేనివాళ్ల చేత అది వేయించుకోకండి.

అపోహ: అంగుళాలు సమానమైతే బ్రేక్ తగలదు

తగలొచ్చు. వ్యాసం ఒకటే అయినా స్పోక్ వంపు వేరు, లోపలి గిన్నె ఆకారం వేరు. బ్రేక్ కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగం) మీద చిన్న మట్టి ముద్ద అంటించి, ఉత్త రిమ్ము బిగించి చేత్తో ఒక చుట్టు తిప్పండి. ముద్ద ఎంత నొక్కుకుపోయిందో చూస్తే ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది.

అపోహ: నట్లదేముంది, పాతవే బిగించేయొచ్చు

నట్టు మొదలు రిమ్ములో ఆనే చోటు మూడు రకాలు: 60 డిగ్రీల కోను, బంతిలా గుండ్రనిది, వాషర్‌తో ఉండే చదునైనది. హోండా సొంత రిమ్ములకు గుండ్రనిది, టయోటా పాత అల్లాయ్‌లు చాలావాటికి వాషర్‌తో ఉన్నది, బయట అమ్మే రిమ్ములకు ఎక్కువగా కోను. గుండ్రటి గాడిలో కోను నట్టు పెడితే అది సన్నటి గీత మీద ఆనుతుంది. ఆ గీత నలిగాక నట్టు తనంతట తానే వదులవుతుంది.

మర కూడా చూడాలి. ఎం12 అంటే 12 మిల్లీమీటర్ల లావు, 1.5 మర అంటే ఒక్కో చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు. ఎం12 స్టడ్లలో టయోటా, హోండా, హ్యుందాయ్‌లది 1.5 మర, నిస్సాన్, సుజుకీ, సుబారులది 1.25. తప్పు నట్టు ఒకటి రెండు చుట్లు చేత్తోనే ఎక్కి ఆగిపోతుంది. అక్కడ ఎయిర్ గన్ పెట్టి బలవంతంగా బిగిస్తే మర కొరుక్కుపోతుంది. అందుకే నట్లన్నీ మొదట చేత్తోనే ఎక్కించాలి, చుట్లు లెక్కపెట్టాలి. 1.5 మరకు కనీసం ఎనిమిది నిండు చుట్లు, 1.25కు పది. ఇనుప రిమ్ము పలచన, అల్లాయ్ మందం, కాబట్టి ఇనుపదాన్నుంచి అల్లాయ్‌కి మారినప్పుడు ఈ లెక్క తగ్గిపోతుంది. స్టడ్లు కాకుండా బోల్టులుండే కార్లలో రెండో ప్రమాదం ఉంది. అల్లాయ్ కోసం చేసిన పొడుగు బోల్టును పలచని ఇనుప రిమ్ముకు వాడితే దాని కొస హబ్బు వెనక పొడుచుకొచ్చి బ్రేక్ భాగాలను గీకుతుంది.

మరీ పాత బండి అయితే ఇంకో మాట. 1960ల నాటి క్రిస్లర్ కార్లలాంటి కొన్నిటికి ఎడమ పక్క చక్రాల స్టడ్లు ఎడమ మరతో ఉంటాయి, అంటే నట్టును మామూలుకు వ్యతిరేకంగా తిప్పి ఊడదీయాలి. నట్టు ఊడకపోతే బలం పెంచేముందు స్టడ్డు కొసన ఎల్ అక్షరం ఉందేమో చూడండి.

అపోహ: రిమ్ము పెద్దదైతే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది

తప్పు చూపించేది రిమ్ము కాదు, టైరు మొత్తం ఎత్తు. 155/80 ఆర్13 అంటే వెడల్పు 155 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో 80 శాతం, రిమ్ము 13 అంగుళాలు. దాని మొత్తం ఎత్తు 578 మిల్లీమీటర్లు. 175/65 ఆర్14 ఎత్తు 583. తేడా ఒక శాతం లోపే, స్పీడోమీటర్‌కు తెలియనే తెలియదు. అదే బండికి 185/65 ఆర్15 వేస్తే 621 దాటుతుంది. అప్పుడు మీటరు 80 చూపిస్తుంటే మీరు నిజంగా 86లో వెళ్తున్నట్టు.

అపోహ: 390 అంటే పదిహేను అంగుళాలే కదా

కాదు. 1970, 80ల నాటి కొన్ని యూరప్ కార్లకు మిషెలిన్ టీఆర్‌ఎక్స్ రిమ్ములు వచ్చాయి. వాటి మీద 365, 390 లాంటి మిల్లీమీటర్ అంకెలుంటాయి. 390 అంటే 15.35 అంగుళాలు, పైగా టైరు కూర్చునే అంచు ఆకారమే వేరు. వాటికి ఆ టైర్లే వేయాలి. మామూలు 15 అంగుళాల టైరును బలవంతంగా ఎక్కించే ప్రయత్నం ఎవరు చేస్తున్నా ఆపండి. గాలి పట్టేటప్పుడే పేలిపోవచ్చు.

ట్యూబ్‌లెస్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాగా పాత ఇనుప రిమ్ముల్లో టైరు అంచును పట్టి ఉంచే చిన్న గట్టు ఉండదు. గట్టున్నవాటి మీద కొలత పక్కన హెచ్, హెచ్2 లాంటి గుర్తులుంటాయి. గట్టు లేనిదాని మీద ట్యూబ్‌లెస్ టైరు వేస్తే, గాలి తగ్గి మలుపు తిరిగినప్పుడు అంచు లోపలికి జారిపోతుంది. రివెట్లతో కలిపిన రిమ్ములైతే ఆ రివెట్ల దగ్గరే గాలి కారుతుంది.

అపోహ: అల్లాయ్ కాబట్టి గట్టిదే

గట్టితనం లోహం పేరులో లేదు. రిమ్ము వెనక ఎంత బరువు మోస్తుందో అచ్చు వేసి ఉంటుంది. బండి ప్లేటు మీద వెనక యాక్సిల్‌కు 900 కిలోలు అని ఉంటే ఒక్కో రిమ్ము కనీసం 450 కిలోలు మోయాలి. ఆ అంకె లేని రిమ్మును నేను బిగించను. జపాన్ ప్రమాణానికి జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులుంటాయి, అవీ చూడండి.

పాత రిమ్ము కొంటున్నట్టయితే దాని మెరుపు చూసి మురిసిపోకండి. స్పోక్ మొదట్లో, బోల్టు రంధ్రాల చుట్టూ, లోపలి అంచున పగుళ్లున్నాయేమో వేలుతో తడిమి చూడండి. పగులును వెల్డింగ్ చేసిన అల్లాయ్‌ని నేను తీసుకోను, ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. నట్టు ఆనే గాడిలో మందంగా పెయింట్ ఉంటే గీకేయాలి, లేకపోతే ఆ పొర నలిగి బిగింపు సడలుతుంది.

టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్మును బండికి పెట్టి చూడండి, టైరెక్కాక ఎవరూ వెనక్కి తీసుకోరు. తర్వాత టైరుతో బిగించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి మళ్లీ చూడండి. మాన్యువల్ చెప్పిన టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ పానా పెట్టండి. కొత్త నట్లు మీ స్టెప్నీకి సరిపోకపోతే, పాత నట్లను ఒక చిన్న సంచిలో వేసి డిక్కీలో స్టెప్నీ పక్కనే ఉంచండి.