బుజ్జిగాడు అక్కడికి ఆడుకోవడానికే వెళ్తున్నాడు

సింగ్‌నగర్, విజయవాడ

చిరంజీవులు అమ్ములుకీ, చిట్టికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది అమ్ములూ. "బుజ్జిగాడు శనివారం శనివారం డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ముప్పావుగంట ఆడుకుని వస్తాడంట కదా, ఆటకి ఫీజేంటి అమ్మమ్మా? మా బ్రాడీపేటలో మేం ఊరికే ఆడుకుంటాంగా!" అన్నావు. వెనకాల చిట్టి పకపకా నవ్వింది. వాడు వెళ్ళేది ప్లే థెరపీకి, అంటే ఆటతో చేసే వైద్యానికి. ఫోన్లో చెప్తే సగం విని పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. ఇదంతా మీకు రాయొచ్చా అని ముందు వాడినే అడిగాను. కొన్ని రాయమన్నాడు, కొన్ని వద్దన్నాడు. వద్దన్నవి ఇందులో ఉండవు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా మీద పడిన రోజు. మీరు టీవీలో చూశారు, మేం మేడమీంచి చూశాం. పొద్దున చీలమండ దాకా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి మంచం పట్టీని అందుకున్నాయి. పైవాటా వాళ్ళింట్లో తలదాచుకున్నాం. పడవల్లో పాల ప్యాకెట్లు, డ్రోన్లతో అన్నం పొట్లాలు వచ్చేవి. డ్రోన్ కనిపిస్తే పిల్లలంతా కేకలేస్తుంటే, ఆరేళ్ళ బుజ్జిగాడు చెవులు మూసుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. తరవాత నీళ్ళు తీశాయి, బురద కడుక్కున్నాం, కొత్త బీరువా కూడా కొన్నాం. అంతా అయిపోయిందనుకున్నాం.

వాడికి అవలేదు. పంపు కింద బకెట్టు నిండే చప్పుడు వినిపిస్తే చాలు, బాత్రూంలోంచి బయటికి పరిగెత్తేవాడు. మబ్బు పడితే బడికి వెళ్ళనని మంచం కింద దూరేవాడు. నా తెలివి చూడండి: దిష్టి తీశాను, తాయెత్తు కట్టించాను, "మగపిల్లాడివి, బకెట్టుకి భయమేంట్రా" అని నలుగురిలో అన్నాను. ఆ ఒక్కమాట మాత్రం వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ అత్తయ్య ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఏం భయమో చెప్పు నాన్నా" అని ఎన్నిసార్లు అడిగిందో. వాడేం చెప్తాడు? మనకి కష్టమొస్తే పక్కింటి పిన్నిగారి అరుగు మీద కూర్చుని చెప్పుకుంటాం. ఆరేళ్ళవాడి దగ్గర అంత నీటికి సరిపడా మాటలుండవు.

చిట్టీ, నీకు గుర్తుందా? నాలుగేళ్ళప్పుడు టీకా వేయించుకొచ్చి, ఆ సాయంత్రం బొమ్మలన్నిటికీ సూదులు గుచ్చావు. నాకు రెండు, తాతయ్యకి మూడు. తాతయ్య "అబ్బా" అంటే "ఏం కాదు, అయిపోయింది" అని ఊదావు కూడా. ఆస్పత్రిలో సూది నర్సమ్మ చేతిలో ఉంది, నిన్ను నలుగురు పట్టుకున్నారు. ఇంట్లో ఆటలో సూది నీ చేతికొచ్చింది. ఎవరికి గుచ్చాలో, ఎప్పుడు ఆపాలో నీ ఇష్టం. అలా పదిసార్లు ఆడేసరికి ఆ భయం పల్చబడింది. ఎవరూ నేర్పకుండా నీకు నువ్వే చేసుకున్న వైద్యం అది. కొన్ని భయాలు అలా వాటంతట అవి పోవు. బుజ్జిగాడిది అలాంటిది. అప్పుడు పక్కన తెలిసినవాళ్ళు ఒకరు కూర్చోవాలి. నేను మొదట్లో చెప్పిన ప్లే థెరపీ అదే. ఎక్కువగా మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి.

మొదట ఒకచోటికి తీసుకెళ్ళాం. బోర్డు మీద ప్లే థెరపీ అనే ఉంది. లోపల వాడి చేతికి ట్యాబ్ ఇచ్చి బొమ్మలు నొక్కమని మార్కులేశారు. రెండు వారాలకి మానేశాం. ఆ తరవాత మీ మావయ్య కనుక్కుని, ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో నమోదైన సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ముందు మమ్మల్ని కూర్చోబెట్టి గంటసేపు అడిగింది: నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, చెవి, కన్ను చూపించారా అని. పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించి రమ్మంది. అన్నిటికీ ఆటే మందు కాదని, కొందరికి మాత్రలు కూడా కావాల్సి వస్తుందని చెప్పింది. ఆ మాటతో నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

ఆ గది చిన్నదే. కుటుంబం బొమ్మలు, చేతికి తొడుక్కునే బొమ్మలు, డాక్టరు పెట్టె, మట్టిముద్ద, పాత ఫోను, పులి, మొసలి, లక్కపిడతలు. బ్యాటరీ బొమ్మ ఒక్కటీ లేదు. అవి వాటంతట అవే ఆడేస్తాయట, పిల్లలకేం మిగలదట. మూలన ఇసుక పెట్టె ఉంది. దాని అడుగుకి లోపల నీలం రంగు వేశారు. ఇసుక పక్కకి తోస్తే నీళ్ళు కనిపించినట్టుంటుంది. 1920ల చివర్లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరమ్మ దగ్గర పిల్లలు చిన్న బొమ్మల్ని ఇసుకలో పెట్టుకుని ఊళ్ళు కట్టేవాళ్ళట. ఆవిడ దాన్ని చూసి పద్ధతిగా మార్చుకుంది.

ఒక శనివారం వాడే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. సైకాలజిస్టు సరేనంది కానీ మాట్లాడొద్దని సైగ చేసింది. నాకెంత కష్టమో మీకు తెలుసు కదా! వాడు ఇసుకలో ఇళ్ళు పెట్టాడు, ఆవుని పెట్టాడు, బస్సు పెట్టాడు. తరవాత రెండు చేతులతో ఇసుకంతా తోసేశాడు. అడుగున అంతా నీలం. ఇళ్ళు బోర్లా పడ్డాయి. "అయ్యో, అలా ముంచేశావేంట్రా" అని నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ మాత్రం "అన్నీ మునిగిపోయాయి" అంది. అంతే. ఎందుకని అడగలేదు, బాగుందనలేదు, బాలేదనలేదు. వాడు తలూపాడు. మళ్ళీ కట్టాడు, మళ్ళీ ముంచాడు. మూడోసారి కొండపల్లి తాటిచెట్టు బొమ్మ తెచ్చి మధ్యలో గుచ్చాడు, కల్లుగీసేవాడు చెట్టుమీద ఉంటాడే, అది. నీలం ఎంత పైకొచ్చినా వాడి కాళ్ళు తడవలేదు. "వీడు పైనుంచి చూస్తున్నాడు" అన్నాడు బుజ్జిగాడు. బయటికొచ్చాక నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, వాడు బిస్కట్లు అడిగాడు.

ఆటని నడిపేది పిల్లలే, పెద్దవాళ్ళు వెనక నడవాలి, తొందరపెట్టకూడదు. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే ఆవిడ 1947లోనే ఇలాంటి సూత్రాలు ఎనిమిది రాసిపెట్టింది. అలాగని ఆ గదిలో ఏమైనా చెయ్యొచ్చని కాదు. వాడొకసారి మొసలి బొమ్మ విసరబోతే, "నీకు బాగా కోపంగా ఉంది. నన్ను కొట్టడానికి లేదు, ఆ దిండుని కొట్టొచ్చు" అందట. టైము అయిపోయే ముందు "ఇంకో అయిదు నిమిషాలు" అని చెప్తుంది. లోపల ఏం ఆడాడో మాకు చెప్పదు. వాడికి ప్రమాదం ఉందనిపిస్తే తప్ప అది వాడికీ ఆవిడకీ మధ్యే. మాతో మాత్రం నెలకోసారి మాట్లాడుతుంది, ఇంట్లో మేం మార్చుకోవలసినవి చెప్తుంది. నాకు చెప్పినవి కాస్త ఎక్కువే ఉన్నాయి.

మీకెప్పుడైనా ఇలా గుండె బరువెక్కితే, అమ్మకీ నాన్నకీ చెప్పలేకపోతే, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఫోను పక్కన గోడ మీద రాసిపెట్టండి. ఇంకోటి: ఆట పిల్లల హక్కు అని 1989లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో రాశారు, 31వ అంశం. 1992లో మన దేశం కూడా ఒప్పుకుంది. ట్యూషన్ల గురించి మీ అమ్మతో గొడవపడేటప్పుడు పనికొస్తుంది. నేను చెప్పానని మాత్రం అనకండి.

పన్నెండు శనివారాలయ్యాయి. నిన్న బకెట్టు నిండుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు, నిండగానే వాడే వెళ్ళి పంపు కట్టేశాడు. మబ్బు పడితే ఇంకా నా కొంగు పట్టుకుంటున్నాడు.

దసరా సెలవులకి మీరొచ్చినప్పుడు అక్కడేం ఆడావని వాడిని అడగొద్దు. వాడే చెప్తే వినండి. వామనగుంటల పీట అటక మీంచి దింపించాను, గవ్వలు వరదలో పోయాయి, అమ్మనడిగి కొన్ని తెండి. చిట్టీ, నీ డాక్టరు పెట్టె కూడా తెచ్చుకో. తాతయ్యకి మోకాలు నొప్పిగా ఉంది.

మీ
అమ్మమ్మ