దగ్గు మందుతో వెనుదిరిగిన రోగి: క్షయ నిర్ధారణకు వెనుక ఉన్న చరిత్ర

2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో, చేత్తో మోసుకుపోగల ఎక్స్‌రే యంత్రాలతో సిబ్బంది ఊళ్లలోకి వెళ్లి, దగ్గు ఉన్నవారికే కాక, దగ్గు లేకపోయినా ముప్పు ఎక్కువని భావించిన మధుమేహులు, వృద్ధులు, రోగుల కుటుంబ సభ్యుల వంటివారికి కూడా ఛాతీ పరీక్షలు చేశారు. చూసేవారికి ఇది మామూలు వైద్య శిబిరంలా అనిపించవచ్చు. నిజానికి, ఆసుపత్రికి వచ్చినవారిని పరీక్షిస్తే చాలని ఆరు దశాబ్దాల పాటు మన క్షయ విధానం నమ్ముకున్న సూత్రానికి ఇది దాదాపు ఎదురు దిశ.

ఊపిరితిత్తుల జబ్బును పసిగట్టే సాధనాలు మూడూ 19వ శతాబ్దంలోనే వచ్చాయి. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ స్టెతస్కోపును రూపొందించాడు. పదేళ్లకే ఆయన కూడా క్షయతోనే మరణించాడు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని ప్రకటించాడు. 1895లో రంట్‌గెన్ ఎక్స్‌రేను కనుగొన్నాడు. స్టెతస్కోపు ఊపిరితిత్తిలో తేడా వచ్చిందని చెబుతుంది, ఎక్స్‌రే ఆ తేడా ఎక్కడుందో చూపుతుంది, క్రిమి ఉందో లేదో తేల్చేది మాత్రం కళ్లె పరీక్ష. ఎక్స్‌రే ఫిల్మ్‌పై కనిపించే నీడ క్షయదో, మానిన పాత మచ్చదో, వేరే జబ్బుదో అన్న విషయంలో ఇద్దరు వైద్యులు విభేదించడమే కాదు, అదే ఫిల్మ్‌ను రెండోసారి చూసిన వైద్యుడు తన మొదటి అభిప్రాయంతోనే విభేదించడం కూడా పరిశోధనల్లో నమోదైంది.

మన ప్రాంతంలో ఈ చరిత్ర మదనపల్లెతో ముడిపడి ఉంది. అక్కడి ఆరోగ్యవరంలో 1915లో మిషనరీ సంఘాలు కలిసి నెలకొల్పిన శానిటోరియం (క్షయ రోగులను ఉంచి చూసే ఆసుపత్రి) డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమాట్ మోలర్ నాయకత్వంలో దక్షిణ భారతమంతటికీ పేరుమోసింది. మందు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండే చికిత్స. 1950ల తొలి సంవత్సరాల్లో అక్కడి వైద్యులు ఆసుపత్రి గోడలు దాటి, చుట్టుపక్కల జనాభాలో జబ్బు ఎంతుందో ఎక్స్‌రేలతోనూ కళ్లె పరీక్షలతోనూ లెక్కతీశారు. 1955-58 మధ్య జరిగిన జాతీయ సర్వే, క్షయ పట్టణాల జబ్బు అన్న నమ్మకాన్ని తోసిపుచ్చి, పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని తేల్చింది. ఆ తరువాత, 1956లో మద్రాసులో ఏర్పడిన చికిత్సా పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గర మందులు వాడినవారు శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకుంటారని నిరూపించింది. మంచాల కొరత సమస్య దానితో చాలావరకు తీరింది. రోగిని గుర్తించడం ఎలా అన్న ప్రశ్న మిగిలింది.

దానికి జవాబు కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో దొరికింది. 1959లో బెంగళూరులో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ తరఫున డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అక్కడి పల్లెల్లో క్షయ రోగులను ప్రశ్నించి 1963లో ఫలితాలు ప్రచురించారు. పల్లె జనానికి రోగ లక్షణాలు తెలియవు, ఆసుపత్రికి రారు అన్నది అప్పటి అధికారుల అభిప్రాయం. తేలింది వేరు. రోగుల్లో అత్యధికులకు తమ ఒంట్లో బాగోలేదన్న సంగతి తెలుసు. సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ ఎవరూ కళ్లె తీసుకోకుండానే దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. నా దృష్టిలో మన ప్రజారోగ్య పరిశోధనలో ఇంతకన్నా నిష్ఠూరమైన, ఇంతకన్నా ఉపయోగపడిన ఫలితం మరొకటి అరుదు. ఊరూరా తిరగనక్కర్లేదు, వచ్చినవారిని సరిగా పరీక్షిస్తే చాలు అన్న సూత్రం, ఆ ఫలితాలు అచ్చవడానికి ముందే, 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమానికి పునాది అయింది.

సూత్రం మంచిదే, అమలు కుంటుపడింది. 1992లో జరిగిన సమీక్ష, వైద్యులు కళ్లె పరీక్షను పక్కనపెట్టి ఎక్స్‌రే మీదే ఎక్కువగా ఆధారపడుతున్నారని, చికిత్స మొదలుపెట్టినవారిలో పూర్తిచేసేవారు చాలా తక్కువని తేల్చింది. 1993లో ప్రయోగాత్మకంగా ఆరంభమై 2006కల్లా దేశమంతటికీ విస్తరించిన సవరించిన కార్యక్రమం, లక్ష జనాభాకు ఒకటి చొప్పున సూక్ష్మదర్శిని కేంద్రాలను నెలకొల్పింది. అయితే సూక్ష్మదర్శినికి ఒక పరిమితి ఉంది: మిల్లీలీటరు కళ్లెలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములుంటేనే అది పట్టుకోగలదు. కళ్లె తీయలేని పిల్లలు, క్రిములు తక్కువగా ఉండే హెచ్ఐవీ బాధితులు దాని కంటికి చిక్కరు. క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పరీక్ష ఇంకా సూక్ష్మమైనదే, కానీ ఫలితానికి వారాలు పడుతుంది. ఆసుపత్రి మంచం మీద ఆయాసపడుతున్న రోగికి ఆ వారాలే ప్రాణాంతకం కావచ్చు.

ఈలోగా రోగుల్లో చాలామంది ప్రైవేటు వైద్యుల దగ్గరికి మళ్లారు. అక్కడ రక్తంలో యాంటీబాడీలు చూసి క్షయ ఉందో లేదో చెప్పేస్తామనే పరీక్షలు జోరుగా సాగాయి. అవి నమ్మదగినవి కావని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది, 2012లో భారత ప్రభుత్వం వాటిని నిషేధించింది. 2015లో ప్రచురితమైన ఢిల్లీ అధ్యయనం మరింత కలవరపెట్టేది. క్షయ రోగుల్లా నటించేందుకు శిక్షణ పొందినవారిని వైద్యుల దగ్గరికి పంపితే, 250 సందర్శనల్లో 52 సార్లు మాత్రమే, అంటే 21 శాతం మేర, సరైన వైద్యం అందింది. తుమకూరు నాటి దగ్గు మందు స్థానంలో యాంటీబయాటిక్ వచ్చిందంతే. పైగా ఫ్లోరోక్వినలోన్ జాతి యాంటీబయాటిక్‌లు క్షయ క్రిమిని కొంతకాలం అణచిపెట్టి, రోగికి నయమైనట్టు భ్రమ కల్పించి, నిర్ధారణను ఇంకా ఆలస్యం చేస్తాయి.

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్, మన ఆసుపత్రుల భాషలో సీబీనాట్, పరిస్థితిని నిజంగా మార్చింది. క్రిమి జన్యువును గుర్తించి, అది క్షయకు వాడే ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా రెండు గంటల్లోపు చెప్పగలగడం అంతకుముందు ఊహకందనిది. ఏసీ గది, నిలకడైన కరెంటు కావాలనే ఇబ్బందిని గోవాలో తయారయ్యే, బ్యాటరీతో నడిచే ట్రూనాట్ కొంత తీర్చింది. 2020లో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది.

తుమకూరు సూత్రం చాలదని తేల్చింది మాత్రం యంత్రం కాదు, 2019-21లో జరిగిన జాతీయ సర్వే. లక్షణాలున్నవారిలో 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదు. అంతకన్నా ముఖ్యంగా, సర్వేలో ఛాతీ ఎక్స్‌రే లేకపోయి ఉంటే, బయటపడిన క్షయ కేసుల్లో 42.6 శాతం కనిపించకుండానే పోయేవి. దగ్గు గురించి అడిగే ప్రశ్న ఎంత శ్రద్ధగా అడిగినా, దగ్గే లేని ఈ రోగులను పట్టుకోలేదు. దుర్వినియోగమైందని 1992లో పక్కకు నెట్టిన ఎక్స్‌రే అలా తిరిగి ముందుకు వచ్చింది. అయితే ఈసారి అది తీర్పు చెప్పదు, కళ్లెను జన్యు పరీక్షకు ఎవరినుంచి తీసుకోవాలో వడపోస్తుంది. ఫిల్మ్ చదవడానికి రేడియాలజిస్టు లేనిచోట, 15 ఏళ్లు, ఆపై వయసున్నవారి విషయంలో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఆ వడపోతలో పట్టుబడిన ప్రతి నీడకూ అదే వారంలో కళ్లె పరీక్ష జరుగుతుందా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ జిల్లా ప్రయోగశాలలో ఉన్న, జన్యు పరీక్ష యంత్రాల్లో వాడే కార్ట్రిడ్జ్‌లు, చిప్‌ల నిల్వ మీదా, పరీక్షించే టెక్నీషియన్ మీదా ఆధారపడి ఉంది.