హెల్గోలాండ్: ఉప్పు పైకెత్తిన ఎర్రరాతి ఊరు

ఉత్తర సముద్రపు పటంలో ఎల్బ్ నది సముద్రంలో కలిసే చోటి నుంచి వాయవ్యంగా చూపు సాగిస్తే, జర్మనీ తీరానికి దూరంగా రెండు చిన్న నేల ముక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. పడమటిది నిటారుగా నిలిచిన ఎర్రరాతి గుట్ట. దాని వైశాల్యం సుమారు ఒక చదరపు కిలోమీటరు. తూర్పుది అంతకన్నా చిన్నదైన తెల్లని ఇసుక మేట. జర్మన్ భాషలో 'డ్యూనె' అంటే ఇసుకదిబ్బ, దాని పేరూ అదే. ఈ రెండూ కలిస్తే హెల్గోలాండ్. కుక్స్‌హాఫెన్ రేవు నుంచి ఓడలో సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణిస్తే ఇక్కడికి చేరవచ్చు. నివాసులు దాదాపు 1,300 మంది. నడిచి ఒక పూటలో చుట్టిరాగల ఈ ఊరి గురించి చదవడం మొదలుపెడితే భూగర్భశాస్త్రం, పక్షిశాస్త్రం, క్వాంటమ్ సిద్ధాంతం, రెండు ప్రపంచయుద్ధాలు అన్నీ ఒకే రాతి మీద ఎదురవుతాయి. అయితే వీటన్నిటికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1720 సంవత్సరం చివరి రాత్రి వరకు ఆ రెండు నేల ముక్కలూ ఒకే దీవి.

జర్మనీ ఉత్తర సముద్ర తీరమంతా పల్లపు నేల. అక్కడి ఇతర దీవులు చాలావరకు అలలూ గాలీ పేర్చిన ఇసుక, లేదా హిమయుగాలు వదిలి వెళ్లిన మట్టి. అలాంటి చోట 60 మీటర్ల ఎత్తున్న రాతిగుట్ట సముద్రం మధ్య ఎలా నిలిచింది? దీనికి జవాబు ఉప్పులో ఉంది. ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు పూర్వం ఉత్తర ఐరోపాలో విశాలమైన లోతులేని సముద్రం ఒకటి ఉండేది. అది పలుమార్లు ఆవిరై, మళ్లీ నిండుతూ, అడుగున వందల మీటర్ల మందాన ఉప్పు పొరలను మిగిల్చింది. ఆ తరువాత ట్రయాసిక్ యుగారంభంలో, ఎండ మండే మైదానాల్లోకి నదులు తెచ్చిన ఇసుకా బురదా ఆ ఉప్పు మీద పరుచుకున్నాయి. వాటిలోని ఇనుము గాలి సోకి తుప్పు రంగుకు తిరగడం వల్ల ఆ రాయి ఎర్రబడింది. దాని మీద గవ్వలతో నిండిన సున్నపురాయి, ఆపైన సుద్దరాయి యుగాల వెంట పేరుకున్నాయి.

ఉప్పు చూడడానికి గట్టి పదార్థమే అయినా, కిలోమీటర్ల మందమున్న రాళ్ల బరువు కింద చిక్కుకున్నప్పుడు అది మెల్లగా ప్రవహిస్తుంది. పైగా చుట్టూ ఉన్న రాళ్ల కన్నా తేలిక. పిండిముద్దను గట్టిగా పిడికిట పట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి ఎలా ఉబికి వస్తుందో, ఉప్పు కూడా బలహీనమైన చోటు వెతుక్కుని అలా పైకి ఉబుకుతుంది. హెల్గోలాండ్ కింద జరిగినది ఇదే. ఉబికిన ఉప్పు తన మీదున్న పొరలన్నిటినీ గుమ్మటంలా పైకెత్తింది. అందుకే పడమటి కొండ అంచున ఎర్రటి పొరలు, వాటి నడుమ సన్నని లేత పొరలు తూర్పు వైపుకు వాలి కనిపిస్తాయి. పొరలు అలా వాలి ఉండడం వల్ల పడమట పాతకాలపు ఎర్రరాయి, తూర్పున దానికన్నా తరువాతి కాలపు తెల్లరాయి నేల మీదికి తేలాయి. ఎర్రగుట్ట పక్కనే తెల్లగుట్ట ఎందుకుండేదో తెలియాలంటే ఈ వాలును మనసులో పెట్టుకోవాలి.

గత హిమయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయినప్పుడు ఈ చుట్టుపక్కల నీరే లేదు. విశాలమైన మైదానం మధ్య హెల్గోలాండ్ ఒక ఒంటరి కొండగా ఉండేది. మంచు కరిగి నీరు పెరిగాకే అది దీవి అయింది. ఇక్కడ దొరికే ఎర్రని చెకుముకిరాయి అరుదైనది కావడంతో, రాతియుగపు మనుషులు దానితో చేసిన పనిముట్లు దూరప్రాంతాల్లో బయటపడినా అవి ఎక్కడివో పురావస్తు పరిశోధకులు గుర్తించగలుగుతున్నారు.

తూర్పున ఉండే తెల్లగుట్టను జర్మన్లు 'విట్టె క్లిఫ్' అన్నారు. కట్టడాలకు సున్నం, జిప్సం కావలసి, శతాబ్దాల పాటు మనుషులు దాన్ని తవ్వి ఓడల్లో తరలించారు. గుట్ట ఏటికేడు చిన్నదైపోయింది. 1711లో వచ్చిన తుపానులో అందులో మిగిలిన భాగమూ కూలిపోయింది. అటు తరువాత ఎర్రగుట్టనూ తూర్పు దిబ్బనూ కలిపి ఉంచినది గులకరాళ్లతో ఏర్పడిన ఒక సన్నని కట్ట మాత్రమే. తొమ్మిదేళ్లకు, 1720 డిసెంబర్ 31 రాత్రి ఎగసిన తుపాను ఉప్పెన ఆ కట్టను తెంచివేసింది. దీవిని రెండు చేసినది సముద్రమేనని చరిత్రలు రాస్తాయి. నా దృష్టిలో ఆ పనిని మొదలుపెట్టినది గునపం, ముగించినది అల. కోట్ల సంవత్సరాల కాలంలో ఉప్పు పైకెత్తిన రాయిని మనుషులు కొద్ది తరాలలోనే కరగబెట్టారు.

అప్పటికి దీవి డెన్మార్క్ రాజు చేతిలో ఉంది. 1807 సెప్టెంబర్‌లో, నెపోలియన్ యుద్ధాల నడుమ, బ్రిటన్ దాన్ని ఆక్రమించింది. ఐరోపా రేవుల్లోకి బ్రిటిష్ సరుకు రాకుండా నెపోలియన్ నిషేధించిన రోజులవి. ఆ సరుకు మొదట హెల్గోలాండ్ గిడ్డంగులకు చేరి, అక్కడి నుంచి చీకటి మాటున చిన్న పడవల్లో జర్మనీ తీరానికి వెళ్లేది. కొన్నేళ్లు ఊళ్లో డబ్బు పారింది. యుద్ధం ముగియగానే ఆ రాబడి ఆగిపోయి, పడవలు నడిపేవారికీ చేపలు పట్టేవారికీ మళ్లీ కష్టకాలం వచ్చింది. యాకోబ్ ఆండ్రెసెన్ జీమెన్స్ అనే స్థానికుడు 1826లో సముద్రస్నానాల విడిది నెలకొల్పాక ఊరు కోలుకుంది. ఇసుక మేట మీద స్నానం, ఎర్రగుట్ట మీద బస. ఇలా దీవి రెండు ముక్కలు కావడమే ఒక వసతిగా మారింది. అతిథులుగా జర్మన్ కవులు, రాజకీయ స్వేచ్ఛ కోరేవారు వచ్చారు. వారిలో ఒకరైన హోఫ్‌మన్ ఫన్ ఫాలర్స్‌లేబెన్ 1841 ఆగస్టులో ఇక్కడ రాసిన గీతంలోని మూడవ చరణమే నేటి జర్మనీ జాతీయగీతం. అది రాసిన నేల ఆనాడు బ్రిటిష్ రాజ్యంలోనిది.

1890 జూలై 1న బ్రిటన్, జర్మనీల మధ్య కుదిరిన ఒప్పందంతో దీవి జర్మనీకి వచ్చింది. బ్రిటన్ హెల్గోలాండ్‌ను ఇచ్చి, ఆఫ్రికా తూర్పు తీరపు దీవి జాంజిబార్‌ను పుచ్చుకుందన్న మాట ప్రచారంలో ఉంది గాని, జాంజిబార్ అసలు జర్మనీ ఆస్తి కాదు. అక్కడ బ్రిటిష్ ఆధిపత్యానికి అడ్డు చెప్పబోమని జర్మనీ ఒప్పుకుంది, తూర్పు ఆఫ్రికాలో మరికొన్ని హక్కులు వదులుకుంది. దీవి జనం అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. బ్రిటిష్ పౌరసత్వం కోరుకునే అవకాశం, అప్పటికే పుట్టినవారికి సైనిక సేవ నుంచి మినహాయింపు మాత్రం ఇచ్చారు. వీరి మాతృభాష జర్మన్ కాదు, ఇంగ్లీషూ కాదు. ఉత్తర సముద్ర తీరాన మాట్లాడే ఫ్రిజియన్ భాషలో 'హాలుండర్' అనే ప్రత్యేకమైన మాండలికం. ఇప్పుడు దాన్ని మాట్లాడేవారు కొద్దిమందే మిగలడం బాధ కలిగించే విషయం.

ఒంటరితనమే ఈ రాయిని శాస్త్రజ్ఞులకు పనికివచ్చేలా చేసింది. బెర్లిన్ ఆచార్యుడు యోహనెస్ మ్యూలర్ 1840లలో తన శిష్యులతో ఇక్కడికి వచ్చి, సన్నని గుడ్డ వలతో సముద్రపు నీటిని వడగట్టి, కంటికి ఆనని ప్రాణులను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. వాటినే నేడు ప్లవకాలు అంటున్నాం. 1892లో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఏర్పడింది. నేడది ధ్రువ, సముద్ర పరిశోధనలు చేసే ఆల్ఫ్రెడ్ వేగెనర్ సంస్థలో భాగం. 1962 నుంచి అక్కడివారు రెండు దీవుల మధ్య పాయలో, 1720లో తెగిన ఆ చోటనే, పనిదినాలన్నిటా నీరు ముంచి తెచ్చి ఉష్ణోగ్రత, లవణీయత, పోషకాలు, ప్లవకాలు నమోదు చేస్తున్నారు. ఆ నీరు అప్పటికన్నా సగటున 1.5 డిగ్రీలకు పైగా వేడెక్కిందని ఆ లెక్కలు చెబుతున్నాయి. ఏ ఒక్క రోజు కొలతకూ విలువ ఉండదు, అరవై ఏళ్ల కొలతలకు సాటి ఉండదు. ఇంత ఓపికగా సాగే పనిని నేను ఏ గొప్ప ఆవిష్కరణకూ తక్కువగా చూడలేను.

పక్షుల సంగతీ ఇలాంటిదే. వలస వెళ్లే పక్షులు రాత్రివేళ సముద్రం దాటుతూ అలసిపోతే వాలడానికి చుట్టుపక్కల ఇదొక్కటే నేల. చిత్రకారుడిగా వచ్చి అర్ధశతాబ్దానికి పైగా ఇక్కడే ఉండిపోయిన హైన్రిఖ్ గేట్కె ఆ రాకపోకలను ఏళ్ల తరబడి రాసిపెట్టాడు. 1910లో పక్షి పరిశోధన కేంద్రం మొదలైంది. పొదల మీద గరాటు ఆకారంలో వల కట్టి, పక్షులను గాయపడకుండా పెట్టెలోకి మళ్లించి, కాలికి కడియం తొడిగి వదిలే పద్ధతి ఇక్కడ రూపుదిద్దుకుంది. ఇతర దేశాల్లోనూ దాన్ని 'హెల్గోలాండ్ వల' అనే పిలుస్తారు.

చెట్టూ చేమా తక్కువైన రాయి మీద గాలిలో పుప్పొడి కూడా తక్కువ. 1925 జూన్‌లో జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు వెర్నర్ హైజెన్‌బర్గ్‌ను ఇక్కడికి రప్పించినది ఆ కారణమే. గోటింగెన్‌లో పుప్పొడి వల్ల వచ్చే జలుబుతో ముఖం వాచిపోయి, సెలవు పెట్టి వచ్చిన ఆ 23 ఏళ్ల యువకుడు, పరమాణువులో కంటికి కనబడని ఎలక్ట్రాన్ కక్ష్యలను పక్కనపెట్టి, వెలువడే కాంతిలో కొలవగలిగిన రాశులతోనే లెక్క కట్టడం మొదలుపెట్టాడు. ఒక రాత్రి, తెల్లవారుజామున మూడు గంటల వేళకు, ఆ లెక్కలో శక్తి నిత్యత్వ నియమం చెక్కుచెదరకుండా నిలిచిందని తేలింది. నిద్రపట్టక బయటికి వెళ్లి, దక్షిణపు కొసన సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ఒక బండ ఎక్కి సూర్యోదయం కోసం ఎదురుచూశానని ఆయన తరువాత రాసుకున్నాడు. క్వాంటమ్ యాంత్రికశాస్త్రానికి తొలి గణితరూపం ఆ రాత్రిదే. నూరేళ్లకు, 2025 జూన్‌లో, ప్రపంచం నలుమూలల నుంచి భౌతికశాస్త్రజ్ఞులు ఈ దీవికి వచ్చి సమావేశమయ్యారు.

ఇదే దీవిని ప్రభుత్వాలు మాత్రం కోటగా చూశాయి. జర్మనీ ఇక్కడ నౌకాస్థావరం కట్టి, 1914లో జనాన్ని ఖాళీ చేయించింది. నాజీల కాలంలో రాతి లోపల సొరంగాలు, జలాంతర్గాముల కోసం కాంక్రీటు షెడ్డు వెలిశాయి. 1945 ఏప్రిల్ 18న సుమారు వెయ్యి మిత్రరాజ్యాల విమానాలు దాదాపు 7,000 బాంబులు కురిపించాయి. సొరంగాల్లో తలదాచుకున్న ఊరివాళ్లలో ఎక్కువమంది బతికారు. ఊరు బతకలేదు. అందరినీ తీరానికి తరలించారు. సరిగ్గా రెండేళ్లకు, 1947 ఏప్రిల్ 18న, బ్రిటిష్ నౌకాదళం సొరంగాల్లో మిగిలిన మందుగుండుతో కలిపి సుమారు 6,700 టన్నుల పేలుడు పదార్థాన్ని ఒక్కసారిగా పేల్చింది. అణ్వస్త్రేతర పేలుళ్లలో అతిపెద్ద వాటిలో ఇదొకటి. గుట్ట నిలబడింది గాని దక్షిణపు కొస కూలి, ఎగువ ఊరికీ దిగువ ఊరికీ నడుమ కొత్త మెట్టు ఒకటి ఏర్పడింది. దాన్ని 'మిట్టెల్‌లాండ్', అంటే నడిమి నేల, అంటున్నారు.

అంతటితో ఆగక బ్రిటిష్ వాయుసేన ఆ శిథిలాలను బాంబుల సాధనకు వాడుకుంది. 1950 డిసెంబర్‌లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రెనే లాయ్డెస్‌డార్ఫ్, గేయోర్గ్ ఫన్ హాట్స్‌ఫెల్ట్ పడవలో వచ్చి దీవి మీద జెండాలు పాతి నిరసన తెలిపారు. వారి సాహసం జర్మనీ అంతటా చర్చ రేపింది. 1952 మార్చి 1న దీవిని తిరిగి అప్పగించారు. ఆ తేదీ నేటికీ ఊళ్లో పండుగరోజు. విమానాలను కూల్చడానికి కట్టిన తుపాకుల బురుజు ఒక్కటే కట్టడాల్లో నిలిచి ఉంటే, దాన్ని దీపస్తంభంగా మార్చారు. ఓడలను దూరం నుంచే హెచ్చరిస్తూ అది ఇంకా పనిచేస్తోంది. ఇళ్లు 1950లలో, 60లలో మళ్లీ లేచాయి. సన్నని సందులు, కాస్త చిన్న ఇళ్లు, ముందే నిర్ణయించిన రంగులు. జర్మనీ రోడ్డు నియమాల్లో ఒక ప్రత్యేక సెక్షన్ ప్రకారం ఇక్కడ మోటారు వాహనాలు నడపకూడదు, సైకిలు తొక్కడం కూడా నిషిద్ధం. దిగువ ఊరి నుంచి ఎగువ ఊరికి మెట్లున్నాయి, లిఫ్టూ ఉంది.

వాయవ్యపు కొసన 47 మీటర్ల ఎత్తున ఒంటిస్తంభంలా నిలిచిన 'లాంగె అన్నా' బండను అలలు కోస్తూనే ఉన్నాయి. గుట్టకు దాన్ని కలిపిన సహజ తోరణం 1860లోనే కూలింది. ఆ పక్క కొండగోడ మీద జూన్ సాయంత్రాల్లో గిలెమాట్ పక్షుల పిల్లలు, ఇంకా ఎగరడం రాకముందే, కింద నీటిలోంచి పిలిచే తల్లిదండ్రుల వైపు దూకుతాయి. తూర్పు దిబ్బ మీద చలికాలంలో వందలాది బూడిదరంగు సీల్ జంతువులు పిల్లలను కంటాయి.

ఆ దిబ్బను గుట్టతో మళ్లీ కలపాలన్న ఆలోచన 2008లో వచ్చింది. నడుమ ఉన్న పాయను ఇసుకతో పూడ్చి, కొత్త నేల మీద హోటళ్లు కట్టి, తగ్గిపోతున్న పర్యాటకులను రప్పించాలన్నది ప్రతిపాదన. 1807లో గాని, 1890లో గాని, 1945 తరువాత గాని తమ నేల గతి ఏమిటో చెప్పే అవకాశం దీవి జనానికి దక్కలేదు. ఈసారి దక్కింది. 2011 జూన్ 26న ఓటు వేసినవారిలో దాదాపు 55 శాతం మంది వద్దన్నారు. పాయ అలాగే ఉంది. దిబ్బకు వెళ్లవలసినవారు రేవులో చిన్న పడవ ఎక్కి, 1720 ఉప్పెన తెరిచిన ఆ నీటిని కొద్ది నిమిషాల్లో దాటుతారు.