రువోషికి చరిత్ర తెలిసి ఏం లాభం?

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. సెలవుల్లో చూడ్డానికి ఒక మంచి చైనా సీరియల్ చెప్పమన్నారు కదా. నేను చెప్పేది 2011లో హునాన్ టీవీలో వచ్చిన ‘బూ బూ జింగ్ షిన్’. బయటి దేశాల్లో ‘స్కార్లెట్ హార్ట్’ అంటారు. తోంగ్ హ్వా అనే రచయిత్రి నవల ఆధారంగా తీశారు. 35 ఎపిసోడ్లు. కొరియా వాళ్లు 2016లో ఈ కథనే తమ గోర్యో కాలానికి మార్చుకున్నారు, అది మీలో కొందరు చూసే ఉంటారు. కథలో కొంత ముందే చెప్పేస్తున్నాను. అది చెప్పకుండా ఇందులో ఏది బాగుందో, ఏది బాగులేదో వివరించలేను.

ఈ కాలపు అమ్మాయి ఒకతి ప్రమాదంలో స్పృహ తప్పుతుంది. కళ్లు తెరిచేసరికి కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో, రువోషి అనే సేనాధిపతి కూతురి శరీరంలో ఉంటుంది. అది 1704. అప్పటికి మన దక్కన్‌లో ఔరంగజేబు ఇంకా బతికే ఉన్నాడు. 1707లో ఆయన పోయాక కొడుకులు సింహాసనం కోసం యుద్ధానికి దిగారు. చైనాలో మాత్రం తండ్రి బతికుండగానే గొడవ ముదిరింది. కాంగ్‌షీ 1708లో యువరాజును తొలగించాడు, మరుసటి ఏడు మళ్లీ నిలబెట్టాడు, 1712లో మళ్లీ తీసేశాడు. అలాంటప్పుడు మిగతా కొడుకులకు ఆశ పుట్టకుండా ఉంటుందా?

రువోషికి చివరికి ఎవరు గెలుస్తారో తెలుసు. నాలుగో రాజకుమారుడు యిన్‌జెన్ యోంగ్‌జెంగ్ చక్రవర్తి అవుతాడు, ఎనిమిదో రాజకుమారుడు యిన్‌సి చితికిపోతాడు. ఆమె మొదట ప్రేమించింది ఈ ఎనిమిదో ఆయననే. సింహాసనం మీద ఆశ వదులుకోమని బతిమాలుతుంది. ఆయన ఒప్పుకోడు. విడిపోతూ, ప్రాణమైనా దక్కుతుందని, నాలుగో ఆయనతో జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తుంది. ఆ ఒక్క మాటతో ఎనిమిదో ఆయన ముందే దెబ్బ తీయాలని చూస్తాడు. నాలుగో ఆయన మీద పడిన ఆ నేరాన్ని పదమూడో రాజకుమారుడు తన మీద వేసుకుని పదేళ్లు బందీ అవుతాడు. ఆయన రువోషికి ప్రాణస్నేహితుడు. ఆ పాపంలో తన మాటకూ వాటా ఉందని ఆమెకు తెలిసేది చాలా ఏళ్ల తర్వాత.

నాకు ఈ సీరియల్ ఇంత నచ్చడానికి కారణం ఇదే. వెనక్కి వెళ్లి చరిత్రను మార్చేసే కథలు బోలెడు. ఇక్కడ చరిత్ర తెలియడమే ఆ పిల్లకు శాపం అవుతుంది. ఫలితం తెలుసు, దారి తెలియదు. మొదట్లో గలగలా నవ్వే అమ్మాయి, చక్రవర్తికి టీ అందించే కొలువులో చేరాక ప్రతి అడుగూ ఆచితూచి వేయడం నేర్చుకుంటుంది. ల్యూ షీషీ ఆ మార్పును నడకలో, చూపులో చూపించింది. పదమూడో ఆయన కోసం వానలో మోకరిల్లి ఉన్నప్పుడు నాలుగో ఆయన (నిక్కీ వూ) వచ్చి పక్కన తడుస్తూ నిలబడే సీన్ వదలకుండా చూడండి.

ఇక బాగులేనివి. ఉన్న రాజకుమారుల్లో సగం మంది ఒకే అమ్మాయి చుట్టూ తిరగడం మరీ అతి. మొదటి ఎపిసోడ్లలో అల్లరి ఎక్కువ, కథ తక్కువ, ఓపిక పట్టాలి. నాలుగో ఆయనకు అప్పటికే భార్యలున్నారు, వాళ్ల బాధ మనకు దాదాపు కనిపించనే కనిపించదు. ఎనిమిదో ఆయన ఇంట్లో రెండో భార్యగా మగ్గిపోయే రువోషి అక్క కథ మాత్రం చక్కగా రాశారు. అలాంటి శ్రద్ధే నాలుగో ఆయన ఇంటి ఆడవాళ్ల మీదా పెట్టి ఉండాల్సింది.

నాకు అన్నిటికంటే కష్టమనిపించింది యూతాన్ చావు. రువోషిని అక్కా అని పిలిచే పరిచారిక ఆమె. వేరే రాజకుమారుడికి గూఢచారిగా పనిచేసిందని, అప్పటికి చక్రవర్తి అయిన నాలుగో ఆయన ఆమెను ఆవిరిలో ఉడికించి చంపిస్తాడు. రువోషి మనసు విరిగిపోతుంది, అక్కడిదాకా బాగానే తీశారు. కానీ తర్వాత ఆ చక్రవర్తి ఒంటరితనాన్ని చూపించి, ఆయన మీద మనకు జాలి పుట్టేలా నడిపిస్తారు. యూతాన్ కోసం ఏడవడానికి మనకు టైమే ఇవ్వరు. ప్రేమించినవాడు కాబట్టి క్రూరత్వాన్ని మన్నించాలన్నట్టు ఉండే ఈ ధోరణి నాకు ఎంతమాత్రం నచ్చదు.

అసలు చరిత్రా తక్కువ కఠినం కాదు. యోంగ్‌జెంగ్ గద్దెనెక్కాక అన్నదమ్ములందరూ తన పేరులోని ‘యిన్’ వాడకూడదని ‘యున్’ అని మార్పించాడు. ఎనిమిదో తమ్ముణ్ణి రాజవంశం నుంచే వెలివేశాడు, 1726లో ఆయన బందీగానే చనిపోయాడు. యోంగ్‌జెంగ్‌కు సింహాసనం దక్కడం సక్రమమేనా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 1723లో ఆయన కొత్త పద్ధతి పెట్టాడు: వారసుడి పేరు రహస్యంగా రాసి, పెట్టెలో పెట్టి, రాజప్రాసాదంలో ఎత్తున వేలాడే ఫలకం వెనక దాచేవారు. చక్రవర్తి పోయాకే తెరిచేవారు. అన్నదమ్ముల పోరు ఎలా ఉంటుందో చూసినవాడే ఆ పెట్టె పెట్టించాడని గుర్తుంచుకుని చూడండి, రాజకుమారులంతా కలిసి కూర్చుని నవ్వుకునే సీన్లు మీకు వేరేగా అర్థమవుతాయి.

చూశాక ఉత్తరం రాయండి. యూతాన్ విషయంలో మీరు నాతో ఒప్పుకోకపోయినా సరే, ఎందుకో వివరంగా రాయండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ