చార్జింగ్ హోరులో తాళంచెవి

నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కన చాయ్ తాగి వచ్చి కారెక్కుతారు. వైర్‌లెస్ చార్జింగ్ ప్లేటు మీద ఫోను, దాని పక్కనే కీ. స్టార్ట్ బటన్ నొక్కితే ‘కీ దొరకలేదు’ అని తెర మీద పడుతుంది. సెల్ అయిపోయిందేమోనని కొత్తది వేయిస్తారు, మళ్లీ అదే తంతు. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది సెల్‌ను కాదు, ఆ ప్లేటును. రేపు కారునే వైరు లేకుండా చార్జ్ చేస్తే ఈ తగువు ఇంకా పెద్దదవుతుంది.

తాళంచెవి అని ఊరికే అంటాం గానీ, ఈ కీలకు నిజంగానే చెవి ఉంది. హ్యాండిల్ ముట్టుకోగానే, స్టార్ట్ నొక్కగానే కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రంతో ‘ఉన్నావా?’ అని పిలుస్తుంది. ఆ పిలుపు ఒకటిన్నర, రెండు మీటర్లకు మించి పోదు. దూరంగా ఉన్న కీకి తలుపు తెరుచుకోకూడదని కావాలనే అట్లా పెట్టారు. పిలుపు విన్న కీ 433.92 మెగాహెర్ట్జ్ రేడియోలో జవాబిస్తుంది. జవాబుకు పెద్ద ఇబ్బంది లేదు, చిక్కంతా వినడంలోనే.

కార్ల వైర్‌లెస్ చార్జింగ్‌కు వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జే2954 ప్రమాణం 79–90 కిలోహెర్ట్జ్ కేటాయించింది, నడుమ 85. శక్తి 3.7 నుంచి 11 కిలోవాట్ల దాకా. 125కూ 85కూ అంత ఎడం ఉండగా గొడవేంటి? లెక్క వేద్దాం. మామూలు కీ సుమారు 50 నానోటెస్లా క్షేత్రాన్ని పసిగడుతుంది. మనుషులకు సురక్షితమని 2010 అంతర్జాతీయ మార్గదర్శకాలు పెట్టిన హద్దు 27 మైక్రోటెస్లా, అంటే 27,000 నానోటెస్లా, కీ పసిగట్టేదానికి 540 రెట్లు. కీలోని తీగచుట్ట 125కు శ్రుతి చేసి ఉంటుంది కాబట్టి 85 దగ్గరి చార్జింగ్ హోరును దాదాపు పన్నెండో వంతుకు కోస్తుంది. ఇంకా 45 రెట్లు మిగిలింది. కారు పక్కన క్షేత్రం ఆ హద్దులో పదో వంతే ఉందనుకున్నా పిలుపు కంటే హోరే నాలుగు రెట్లు పెద్దది. పైగా చాలా కీల రిసీవర్ పెద్ద శబ్దానికి తన సున్నితత్వాన్ని తానే తగ్గించుకుంటుంది. పీర్ల డప్పుల నడుమ చెవులు మూసుకున్నవాడికి గుసగుస చెప్పినట్టే.

అందుకని ఫిల్టర్ల మీదే భారం వేయడం కంటే వంతులు పెట్టుకోవడం మేలు. చేయి హ్యాండిల్‌కు తగలగానే కారు ముందు చార్జింగ్ ఆపమని అడగాలి, ఆగిందని తెలిశాకే కీని పిలవాలి. ఈ వరుస తప్పితే పిలుపు హోరులోనే పోతుంది. కారు కింద నేలలో ఉండే చార్జింగ్ ప్లేటుకు కబురు వైఫైలో పోతుంది కాబట్టి కొన్ని పదుల మిల్లీసెకన్లు అక్కడే ఖర్చవుతాయి. మనిషి మాత్రం హ్యాండిల్ లాగేస్తాడు! అందుకే కరెంటును పూర్తిగా తెంచే పెద్ద స్విచ్చు, కాంటాక్టర్, తెరవకుండా క్షేత్రాన్ని పుట్టించే ఇన్వర్టర్‌ను మాత్రమే తగ్గించాలి. కరెంటు నష్టం లెక్కలోకి రాదు: 7.7 కిలోవాట్ల మీద అర సెకను చొప్పున రాత్రికి 20 సార్లు ఆపినా పోయేది 0.02 యూనిట్. మనిషి దగ్గరికి రాగానే లైట్లు వేసే కార్లతోనే పేచీ, అవి కీ కోసం ఆగకుండా వెతుకుతుంటాయి. చార్జింగ్ నడిచినంతసేపు ఆ ముచ్చట మానుకోవాల్సిందే.

ఇంకో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. ఇంట్లో తలుపు పక్కన మేకుకు తగిలించిన కీ, గోడ అవతల పోర్టికోలో చార్జవుతున్న కారుకు రెండు మీటర్లలోనే ఉండొచ్చు. హోరును పిలుపనుకొని అది మాటిమాటికీ లేస్తుంది. సీఆర్2032 సెల్‌లో సుమారు 220 మిల్లీఆంప్-అవర్లు ఉంటాయి. నిద్రలో 5 మైక్రోఆంప్‌లు తాగితే లెక్కకు అయిదేళ్లు, మెలకువతో 1 మిల్లీఆంప్ తాగితే తొమ్మిది రోజులు. పిలుపులోని గుర్తును ముందు సరిపోల్చుకున్నాకే మేల్కొనే కీలు నయం. ఏ కీ అయినా లోపలి గదిలో పెట్టుకోండి.

పోర్టికో నేలలో ప్లేటు బిగించేటప్పుడు స్లాబు ఇనుప చువ్వలను మరవొద్దు. వాటిలో సుడి కరెంట్లు పుట్టి వేడెక్కుతాయి, క్షేత్రం కూడా అనుకున్న ఆకారంలో ఉండదు. ప్లేటు వెనక ఫెర్రైట్ అనే అయస్కాంత పలక, దాని కింద అల్యూమినియం రేకు ఉండేది ఇందుకే. కారును ప్లేటుకు పక్కగా నిలిపితే బయటికి చిందే క్షేత్రం పెరుగుతుంది.

ఇక ఫోను ప్లేటు. శక్తి 15 వాట్లే అయినా, ఫోన్ల వైర్‌లెస్ చార్జింగ్‌కు ఉన్న ‘చీ’ (Qi) ప్రమాణం వాడే 100–205 కిలోహెర్ట్జ్ నడుమనే 125 పడుతుంది. కారుతోపాటు వచ్చిన ప్లేట్లు చాలావరకు కీని వెతికేటప్పుడు క్షణం ఆగుతాయి. బజారులో కొని 12 వోల్టుల సాకెట్‌కు తగిలించిన ప్లేటుకు ఆ కబురు అందదు. దాని తర్వాతి రూపం ‘చీ2’లో ఫోనును అయస్కాంతంతో పట్టుకునే పద్ధతి 360 కిలోహెర్ట్జ్‌కు జరగడంతో కొంత ఊరట.

తప్పు ఎవరిదో తేల్చడం తేలికే. ఫోను తీసి కీని 30 సెంటీమీటర్లు పక్కకు జరిపి స్టార్ట్ నొక్కండి. పని చేస్తే సెల్ మార్చక్కర్లేదు. చేయకపోతే కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి. చాలా కార్లలో సెల్ పూర్తిగా పోయినా కీలోని చిప్‌కు అక్కడే కరెంటు అందుతుంది. కొన్నింటిలో ఆ చోటు కప్ హోల్డర్‌లోనో కన్సోల్ అడుగునో ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ చూసి పెట్టుకోండి.