తాగి పడిపోయాడని వదిలేయకండి

"రాత్రి తాగి వచ్చి పడుకున్నాడండీ, మత్తు దిగితే లేస్తాడనుకున్నాం." పక్షవాతం రోగులను చూసే డాక్టర్లకు ఈ మాట కొత్త కాదు. తెల్లవారాక అత్యవసర విభాగం గుమ్మంలో ఇది వినబడగానే నా చూపు గడియారం మీదికి పోతుంది. మద్యం, గుండెజబ్బు, పక్షవాతం చుట్టూ తిరిగే అపోహల్లో ఎక్కువ మందిని మంచాన పడేస్తున్నది ఇదే. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: తాగినవాడు తూలి పడినా, మాట ముద్దగా వచ్చినా అదంతా మత్తే.

వాస్తవం: తాగనివారి కంటే తాగేవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువ. మద్యం బీపీని పెంచుతుంది. పెరిగిన బీపీకి మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. అతిగా తాగిన రాత్రి గుండె లయ కూడా తప్పవచ్చు. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా ఊరికే అదురుతుంటాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. అలా అదిరే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే చెయ్యి, కాలు, మాట పడిపోతాయి. సెలవుల్లో, పండగల్లో బాగా తాగి ఆసుపత్రికి వచ్చినవారిలో లయ తప్పడాన్ని గమనించి, అమెరికా వైద్యులు 1978లోనే దీనికి 'హాలిడే హార్ట్' అని పేరు పెట్టారు.

పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. కొందరికి 24 గంటల వరకూ రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి తీయగలం. కానీ ఆ సౌకర్యం అన్ని ఊళ్లలోనూ లేదు, అందరికీ పనికిరాదు కూడా. పడుకున్న మనిషికి నిద్రలో పక్షవాతం వస్తే, చివరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన సమయం నుంచే మేం లెక్క వేస్తాం. రాత్రి పదింటికి పడుకోబెట్టి ఉదయం ఏడింటికి తీసుకొస్తే తొమ్మిది గంటలు పోయినట్టే.

గృహప్రవేశం విందులో తాగి ఇంటికి వచ్చిన ఒకాయనకు మత్తు దిగాలని తల్లి మజ్జిగ పట్టించింది. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ మజ్జిగ ఎడమవైపు పెదవి మూలనుంచే కారిపోతోంది. పెద్దవాళ్లు చొక్కా తుడుస్తూ ఉండిపోయారు. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు మాత్రం "నాన్నా, నవ్వు" అంది. మూతి ఒకవైపే కదిలింది. ఆ పిల్లే 108కి ఫోన్ చేసింది. సమయానికి ఇంజెక్షన్ పడింది, ఆయన తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లారు. ఆ పిల్ల చేసిన పని ఎవరైనా చేయగలిగిందే. మత్తు రెండు వైపులా సమానంగా ఉంటుంది, పక్షవాతం ఎక్కువగా ఒకవైపే లాగుతుంది. నవ్వమనండి. రెండు చేతులూ ఎత్తి పట్టుకోమనండి. పేరు, ఊరు చెప్పించండి.

అయితే ఈ పరీక్షలో తేడా కనిపించలేదని ధీమా పడకండి. మెదడు వెనుక భాగంలో, అంటే చిన్నమెదడులో వచ్చే పక్షవాతం అచ్చం మత్తులాగే ఉంటుంది. తూలడం, వాంతులు, కళ్లు తిరగడం ఉంటాయి, చేతులు మాత్రం బాగానే లేస్తాయి. షుగర్ మాత్రలు వేసుకుని, అన్నం తినకుండా తాగినవారికి షుగర్ పడిపోయినా ఇలాగే ఉంటుంది. పడినప్పుడు తలకు దెబ్బ తగిలినా అంతే. తాగిన రోజు మీ ఇంటి మనిషి ఎలా ఉంటాడో మీకు తెలుసు. ఈ రోజు తీరు వేరుగా ఉందనిపిస్తే అది చాలు, బయలుదేరండి. నోట్లో మజ్జిగ, నిమ్మరసం ఏదీ పోయవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఇంకొకటి. తాగాడని చెబితే వైద్యం చేయరేమోనని, పరువు పోతుందేమోనని చాలామంది భార్యలు దాచిపెడతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అమ్మా, తాగినంత మాత్రాన ఆ ఇంజెక్షన్ ఎవరూ ఆపరు. ఎన్ని గంటలకు బాగున్నాడు, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాడా అన్నవి మాకు కావాలి. ఆయన తాగుడు గురించి మిమ్మల్ని నిలదీసే హక్కు ఎవరికీ లేదు.

మిగతా అపోహలు క్లుప్తంగా.

"రోజూ ఒక పెగ్గు గుండెకు మంచిది." పాత అధ్యయనాల్లో తాగనివారి జాబితాలో, జబ్బు చేసి తాగుడు మానేసినవారు కూడా కలిసిపోయారు. వారితో పోలిస్తే కొద్దిగా తాగేవారు ఆరోగ్యంగా కనిపించారు. చైనాలో 5 లక్షల మందికి పైగా చేరిన అధ్యయనం నుంచి 2019లో, మనిషి ఎంత తాగగలడన్నదాన్ని ప్రభావితం చేసే జన్యువుల ఆధారంగా లెక్కగట్టిన ఫలితాలు వచ్చాయి. తాగే మోతాదుతో పాటు పక్షవాతం ముప్పూ పెరుగుతూ పోయింది, మితంగా తాగినా రక్షణ కనిపించలేదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోనూ మన దక్షిణాసియావారికి మద్యం గుండెను కాపాడినట్టు తేలలేదు. డాక్టరే తాగమన్నాడని వాట్సాప్‌లో పంపేవారు దయచేసి ఇక ఆపండి.

"బీరు మద్యం కిందికి రాదు." 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములే.

"తాగిన రోజు బీపీ మాత్ర మానేయాలి." తాగుడు బీపీని పెంచుతున్న రోజునే మాత్ర ఆపితే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఏ మాత్రతో ఏ చిక్కుందో మీ డాక్టరును అడగండి, సొంతంగా ఆపవద్దు.

"ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి తాగుతూనే ఉండాలి." మొదటి సగంలో నిజముంది. రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. దానికి మందులున్నాయి. మాన్పించాలని గదిలో పెట్టి తాళం వేయకండి. మానాలనుకున్న రోజే ఆసుపత్రికి తీసుకురండి, ఆ మొదటి వారం మా కళ్ల ముందు గడవనివ్వండి.